జిగురు పట్టును, విడుపును
మన అనంతపురము సీమలో కురుబవారు కంబళి పడుగునకు చింతగింజల గంజి పెట్టుదురు. అది తడికి మెత్తబడును, పురుగు తినును.

1901లో జర్మనీదేశీయుడగు ఓటో రోమ్ అక్రిలిక్ పదార్థములపై పరిశోధనా వ్యాసము వ్రాసెను. ఈ జాతి ఎస్టరులలో ఒకటి మెత్తని బంకయగును, వేఱొకటి గాజువలె గట్టిపడును. రెంటిని ఒకే గొలుసుగా కూర్చినచో కోరినంత మెత్తదనము, కోరినంత పట్టు గల జిగురు సిద్ధించును. అది నీటిలో పాలవలె నుండును. నీరాఱగానే కణములు కలిసి పొరగట్టును. ఆ పొర మరల నీట కరగదు.

చెక్కపనికి ఇది గుణమే. కాని మా తాతగారి భూమి దస్తావేజు చినుగగా నేను, తెలివి యనుకొని, అంటుపట్టీ వేసితిని. ఏండ్లకు తీయబోగా అక్షరములును వెంట వచ్చినవి! పాతకాగితములకు గోధుమగంజియే మేలు. కొంచెము చెమ్మ తగిలించిన విడివడును. పలుచగా పూసి, ఆఱనిచ్చి, పొడిపెట్టెలో నుంచుడు.