డుమస్ తీరంలో ఫోర్ వీల్ డ్రైవ్ ఎందుకు ఓడిపోతుంది?

2025 జులైలో సూరత్ సమీపంలోని డుమస్ బీచ్‌లో ఒక ఖరీదైన ఎస్‌యూవీ బురదలో కూరుకుపోయింది. అంత శక్తిమంతమైన ఇంజిన్ ఉన్నా బండి ఎందుకు కదలదు?

చక్రం నేలను వెనక్కి నెడితే, నేల బండిని ముందుకు నెడుతుంది. ఆ నెట్టుడును తట్టుకునే బలం నేలకు లేకపోతే చక్రం ఉన్నచోటే తిరుగుతూ గుంత తవ్వుకుంటుంది. డుమస్ తాపీ నది ముఖద్వారం దగ్గర ఉంది. ఇక్కడ ఆటుపోట్ల తేడా చాలా ఎక్కువ. నీరు తగ్గాక పైన గట్టిగా కనిపించినా, లోపల ఇసుక, ఒండ్రు రేణువుల మధ్య నీరు నిండే ఉంటుంది. బరువు పడగానే ఆ నీటి పీడనం పెరిగి రేణువుల మధ్య పట్టు సడలుతుంది.

ఫోర్ వీల్ డ్రైవ్ ఇంజిన్ టార్క్‌ను నాలుగు చక్రాలకు పంచుతుంది, నేల బలాన్ని మాత్రం పెంచలేదు. పైగా సాధారణ డిఫరెన్షియల్‌లో ఒక చక్రం జారితే, పట్టున్న రెండో చక్రానికీ అంతే తక్కువ టార్క్ అందుతుంది. డిఫరెన్షియల్ లాక్ రెండు చక్రాలనూ కలిపి తిప్పి ఈ లోపాన్ని సరిదిద్దుతుంది. పొడి ఇసుకలో టైర్లలో గాలి తగ్గిస్తే నేలను తాకే వైశాల్యం పెరిగి, నేలపై ఒత్తిడి తగ్గుతుంది. నీరు నిండిన ఒండ్రులో ఈ ఉపాయాలు కొంతవరకే పనిచేస్తాయి.

చక్రం జారడం మొదలైతే యాక్సిలరేటర్ తొక్కకూడదు. చక్రాల ముందు మట్టి తీసి, పలకలు వేసి, గట్టి నేల మీదున్న మరో బండితో లాగించాలి. ఆటు నుంచి పోటుకు ఉండే వ్యవధి సుమారు 6 గంటలే. అందుకే బండిని రోడ్డు మీదే ఆపి, ఒడ్డుకు నడిచి వెళ్లడం మేలు.