గేట్‌వే జమలకూ తక్‌పట్టీ లెక్కే శరణ్యం

పిడుగురాళ్ల: సున్నం, పత్తి, మిర్చి వ్యాపారంలో నగదు సంచుల స్థానాన్ని ఫోను చెల్లింపులు ఆక్రమిస్తుండగా, గుమాస్తాలకు కొత్త చిక్కు వచ్చిపడినది. సొమ్ము బ్యాంకులో పడుతున్నది గాని పద్దు కుదరడం లేదు. పార్టీ చెల్లించినది ఒక మొత్తం, బ్యాంకులో జమ అయినది మరొక మొత్తం. మధ్యలోని తేడాను ఏ ఖాతాకు రాయాలన్నదే సమస్య.

కొట్టులో అతికించిన క్యూఆర్ కోడుతో పెద్ద పేచీ లేదు. 2016లో ఆరంభమైన యు.పి.ఐ. చెల్లింపులపై వర్తకుల నుంచి వసూలు చేసే ఎం.డి.ఆర్. రుసుమును 2020 జనవరి 1 నుంచి ఎత్తివేశారు. పరవూరి పార్టీ లింకు ద్వారా, కార్డు మీద చెల్లించినప్పుడే దారి వేరు. మధ్యలో పేమెంట్ గేట్‌వే సంస్థ ఉంటుంది. బ్యాంకులు కాని ఇటువంటి సంస్థలు వర్తకుల సొమ్మును ఎస్క్రో ఖాతాలో ఉంచాలని రిజర్వు బ్యాంకు 2020 మార్చి 17న ఆదేశించినది. నాలుగైదు బిల్లుల సొమ్మును కలిపి, రుసుము మినహాయించి, ఒకటి రెండు రోజుల తరువాత ఒకే జమగా పంపడం పరిపాటి.

ఉదాహరణకు పార్టీ లక్ష రూపాయలు చెల్లించినదనుకుందాం. రుసుము 2 శాతం అయితే రూ. 2,000, దానిపై 18 శాతం జి.ఎస్.టి. రూ. 360 పోగా బ్యాంకుకు చేరేది రూ. 97,640. ఈ మొత్తాన్నే పార్టీకి జమ కట్టితే రూ. 2,360 బాకీ నిలిచిపోతుంది. పైసాతో సహా చెల్లించిన పార్టీకి బాకీ కాగితం వెళితే పోయేది కొట్టు పరువే. కౌంటరు అమ్మకమైతే అమ్మకమే తక్కువగా నమోదై పన్ను లెక్క తప్పుతుంది. రూ. 360కి రావలసిన ఇన్‌పుట్ క్రెడిట్ కూడా చేజారుతుంది. అలాగని గేట్‌వే నివేదికను, బ్యాంకు స్టేట్‌మెంటును రెండింటినీ వసూళ్లుగా టాలీలోకి ఎక్కిస్తే ఒకే సొమ్ము రెండుసార్లు జమ పడుతుంది.

దీనికి మందు మిర్చి వర్తకులకు తెలియనిది కాదు. తక్‌పట్టీలో సరకు విలువ, మినహాయింపులు, నికర చెల్లింపు వేర్వేరుగా ఉంటాయి. గేట్‌వే సంస్థ ఇచ్చే సెటిల్‌మెంట్ నివేదిక కూడా అటువంటి తక్‌పట్టీయే. టాలీలో గేట్‌వే పేరున వేరొక లెడ్జరు తెరవాలి. చెల్లింపు నాడు పార్టీకి పూర్తిగా లక్ష జమకట్టి, గేట్‌వేకు ఖర్చు రాయాలి. సొమ్ము చేరిన నాడు బ్యాంకుకు రూ. 97,640, రుసుముకు రూ. 2,000, జి.ఎస్.టి.కి రూ. 360 ఖర్చు రాసి, గేట్‌వేకు లక్ష జమకట్టాలి. ఆ ఖాతాలో చివరకు సున్నా మిగలాలి. మిగలకపోతే సొమ్ము ఇంకా రావలసి ఉన్నదో, వాపసు వెళ్లినదో, పార్టీ వివాదం లేవనెత్తినదో విచారించుకోవాలి.

ఈ పద్దులను వాటంతటవే ఎక్కించే సాఫ్ట్‌వేరు ఉన్నది. అయితే అది మనిషి ముఖం చూసి పోల్చుకోదు, నంబరు చూసి పోల్చుకుంటుంది. లింకు పంపేటప్పుడే బిల్లు నంబరు వేయాలి. లావాదేవీ నంబరును, బ్యాంకు జమకు చెందిన యు.టి.ఆర్. నంబరును పద్దులో ఉంచాలి. లేకుంటే యంత్రం తప్పును కూడా వేగంగానే రాస్తుంది.

లెక్క విడదీసి ఉంచకపోతే వచ్చే చేటు 2025 జూలైలో కర్ణాటకలో కనిపించినది. యు.పి.ఐ. వసూళ్ల ఆధారంగా అక్కడి వాణిజ్య పన్నుల శాఖ బెంగుళూరు చిల్లర వర్తకులకు నోటీసులు పంపినది. చేబదుళ్లు, ఇంటి బదిలీలు కూడా అమ్మకాలలో కలిసిపోయాయని పలువురు మొరపెట్టుకున్నారు. కొందరు కొట్లలో యు.పి.ఐ. తీసుకోబడదని బోర్డులు పెట్టారు.

కనుక వ్యాపారానికి వేరే బ్యాంకు ఖాతా, గేట్‌వేకు వేరే లెడ్జరు ఉంచుకోవడం మేలు. వారానికొకసారి సరిచూసుకుంటే అరగంట పని. మార్చి 31 దాకా వాయిదా వేస్తే ఏడాది పొడవునా జరిగిన లావాదేవీలన్నీ ఒక్కసారిగా గుమాస్తా నెత్తిన పడతాయి.