వెబ్‌సైట్‌లో యుద్ధ విమానం... ప్రీమియంలో షాక్!

పెళ్లి సంబంధం వస్తే బయోడేటా ఒక్కటీ చూసి ఎవరూ తాంబూలాలు పుచ్చుకోరు. పక్కింటివాళ్ళని అడుగుతారు, ఆఫీసులో ఆరా తీస్తారు. ఇప్పుడైతే ఇన్‌స్టా కూడా తిరగేస్తారు. అమెరికాలో గవర్నమెంట్ కాంట్రాక్టులు చేసే చిన్న కంపెనీకి బిజినెస్ ఇన్సూరెన్స్ ఇచ్చేముందు బీమా సంస్థ చేసేదీ అదే. అప్లికేషన్ బయోడేటా అయితే, వెబ్‌సైట్ పక్కింటివాళ్ళు చెప్పే మాట!

మనకెందుకీ గొడవ అంటారా? వర్జీనియా, న్యూజెర్సీ, టెక్సస్‌లలో మనవాళ్ళు పెట్టిన చిన్న ఐటీ కంపెనీలు బోలెడు. పెద్ద కంపెనీ కింద సబ్‌కాంట్రాక్టర్‌గా అయినా ప్రభుత్వ ప్రాజెక్టులో అడుగుపెట్టాలని చూసేవాళ్ళు వాటిలో ఉంటారు. ఆ కంపెనీ వెబ్‌సైట్ తయారుచేసే పని హైదరాబాద్‌లోనో, విజయవాడలోనో కూర్చున్న మీలాంటి కుర్రాళ్ళ చేతికి రావచ్చు. మీరు రాసే నాలుగు లైన్లు అక్కడ బీమా రేటుని మార్చేయగలవు.

బీమా లేకపోతే పనే లేదు

ప్రభుత్వ పనికి బీమా ఉంటే మంచిది అన్నట్టు ఉండదు వ్యవహారం. చాలా చోట్ల ఉండి తీరాలి. అమెరికా ప్రభుత్వ కొనుగోళ్ల నిబంధనల్ని ఎఫ్ఏఆర్ అంటారు. ప్రభుత్వ స్థావరంలో పనిచేసే కాంట్రాక్టర్‌కి కనీసం ఎంత బీమా ఉండాలో అందులో ఏళ్లుగా రాసి ఉంది. ఉద్యోగుల విషయంలో యజమాని బాధ్యతకి 1,00,000 డాలర్లు, బయటివాళ్ళకి గాయమైతే ఒక్కో ఘటనకి 5,00,000 డాలర్లు... ఇలా. పైన ఉండే ప్రైమ్ కాంట్రాక్టర్ ఇంకా ఎక్కువే అడగొచ్చు.

పని మొదలవ్వాలంటే ముందు ‘సర్టిఫికెట్ ఆఫ్ ఇన్సూరెన్స్’ చూపించాలి. పాలసీ చేతికొస్తేనే ఆ కాగితం వస్తుంది. అంటే పాలసీ పది రోజులు ఆలస్యమైతే పనీ పది రోజులు ఆగినట్టే. ప్రైమ్ కాంట్రాక్టర్ అన్నాళ్ళు ఆగకపోతే ఆ పని వేరేవాళ్ళకి వెళ్ళిపోతుంది.

అటువైపు కూర్చుని చదివేదెవరు?

పాలసీ ఇవ్వాలా వద్దా, ఇస్తే ఎంతకి అని తేల్చే మనిషిని అండర్‌రైటర్ అంటారు. అక్కడ ఎక్కువమంది వాడే అకార్డ్ 125 అనే దరఖాస్తులోనే వెబ్‌సైట్ అడ్రస్‌కి ఒక గడి ఉంటుంది. దాన్ని అలంకారానికి పెట్టలేదు. అండర్‌రైటర్ సైట్ తెరిచి, అప్లికేషన్‌లో చెప్పినదానికీ అక్కడ కనిపించేదానికీ పొంతన ఉందా అని చూస్తారు.

చిక్కంతా ఇక్కడే. కాంట్రాక్ట్ ఇచ్చే ఆఫీసర్ మెచ్చుకోవాలని కంపెనీ ఆ సైట్‌ని తయారుచేయించుకుంటుంది. ‘అన్నీ చేస్తాం, ఎక్కడైనా చేస్తాం’ అంటే ఆయనకి బాగుంటుంది. అండర్‌రైటర్‌కి మాత్రం ఆ ‘అన్నీ’లో ప్రతి ఒక్కటీ ఒక రిస్కే.

ఎక్కడ దొరికిపోతారంటే...

నలుగురు ఉద్యోగులున్న ఒక ఐటీ కంపెనీ అనుకోండి. చేసేది సాఫ్ట్‌వేర్ పని. సైట్‌లో మాత్రం ఐటీ, క్లీనింగ్, సెక్యూరిటీ గార్డులు, రూఫింగ్ అని వరసగా రాసుకున్నారు. ఎందుకంటే ప్రభుత్వానికి అమ్మాలంటే సామ్ డాట్ గవ్‌లో రిజిస్టర్ అవ్వాలి, అక్కడ చేసే వ్యాపారాలకి నేక్స్ కోడ్‌లు ఇవ్వాలి. 541512 అంటే కంప్యూటర్ సిస్టమ్స్ డిజైన్. 561612 అంటే సెక్యూరిటీ గార్డులు. ఎన్ని కోడ్‌లు పెడితే అన్ని అవకాశాలు అనుకుని చాలామంది చాంతాడంత లిస్టు పెట్టేస్తారు. తర్వాత అదే తెచ్చి సైట్‌లో అతికిస్తారు.

బీమావాళ్ళ కోడ్‌లు వేరు. ఉద్యోగుల గాయాలకి ఇచ్చే వర్కర్స్ కాంపెన్సేషన్‌లో చాలా రాష్ట్రాల్లో ఆఫీసు పనికి 8810, ఇంటి కప్పులు వేసే పనికి 5551. మొదటిది చవకైన వాటిలో ఒకటి, రెండోది బాగా ఖరీదైన వాటిలో ఒకటి. చేయని రూఫింగ్‌ని సైట్‌లో రాసుకున్నందుకు వివరణ ఇవ్వాల్సి వస్తుంది. నమ్మకపోతే కోట్ పెరుగుతుంది, లేదా ‘మావల్ల కాదు’ అనేస్తారు.

రెండోది ఫొటోలు. డిఫెన్స్ కాంట్రాక్టర్ కదా అని హోమ్ పేజీలో యుద్ధ విమానం బొమ్మ పెడతారు. చేసేది జీతాల సాఫ్ట్‌వేర్! చూసేవాళ్ళకి మాత్రం ‘విమానం భాగాలేమైనా తయారుచేస్తున్నారా’ అని అనుమానం. అలాగే తాడు కట్టుకోకుండా పైకెక్కిన పనివాడి ఫొటో. ఎక్కడో డౌన్‌లోడ్ చేసిన బొమ్మే అయినా, భద్రత అంటే మీకు లెక్కలేదని అది చెప్పేస్తుంది.

మూడోది గ్యారంటీలు. ‘100 శాతం సురక్షితం’, ‘ఎప్పుడూ ఆగదు’ లాంటి మాటలు. పనిలో పొరపాటు జరిగితే ఆదుకునే ప్రొఫెషనల్ లయబిలిటీ పాలసీల్లో చాలావాటికి ఒక మెలిక ఉంటుంది: మీరు నోరారా ఇచ్చిన గ్యారంటీకి మేం పూచీ కాదు అని. ఆ లైన్ మీరు రాశారు, భారం కూడా మీదే.

నాలుగోది దేశాల లిస్టు. ‘ఇరాక్, కువైట్‌లలో సేవలు’ అని ఉంటే అండర్‌రైటర్ వెంటనే ఆగుతారు. విదేశాల్లో అమెరికా ప్రభుత్వ కాంట్రాక్టు పని చేసే ఉద్యోగులకి 1941 నాటి డిఫెన్స్ బేస్ యాక్ట్ కింద ప్రత్యేక బీమా కావాలి. మామూలు పాలసీ అక్కడ పనికిరాదు.

ఇక సైబర్ బీమా అడిగితే చదవడంతో సరిపెట్టరు. మీ డొమైన్‌ని బయటినుంచి స్కాన్ చేసే బీమా సంస్థలున్నాయి. అప్‌డేట్ చేయని సాఫ్ట్‌వేర్, తెరిచి వదిలేసిన రిమోట్ లాగిన్ దారి అందులో బయటపడతాయి.

అసలు సైటే లేకపోతే గొడవుండదు కదా అనుకోవద్దు. కొత్త కంపెనీ, పైగా సైట్ లేదంటే చూసుకోవడానికి ఏమీ దొరకదు. అప్పుడు ప్రశ్నలు ఇంకా పెరుగుతాయి.

తుడిచేస్తే సరిపోతుందా?

ఇదంతా చదివి ‘బీమా వచ్చేదాకా సైట్‌లో ఆ పేజీ తీసేద్దాం’ అనిపించిందా? అసలు ప్రమాదం అక్కడుంది. పాత పేజీల్ని దాచిపెట్టే వేబ్యాక్ మెషిన్ ఉంది. ప్రభుత్వ డబ్బు ఎవరికి ఎంత వెళ్ళిందో ఎవరైనా చూసుకునేలా యూఎస్ఏ స్పెండింగ్ డాట్ గవ్ ఉంది. ముందు ఎవరూ చూడకపోయినా, పెద్ద క్లెయిమ్ వచ్చినప్పుడు అన్నీ తవ్వుతారు.

అప్లికేషన్‌లో ముఖ్యమైన విషయం తప్పు చెప్పారని తేలితే బీమా సంస్థ పాలసీని మొదటినుంచీ లేనట్టే రద్దు చేయమని కోర్టుకెళ్ళొచ్చు. 2022లో ఇలినాయ్‌లో అదే జరిగింది. ఇంటర్నేషనల్ కంట్రోల్ సర్వీసెస్ అనే ఎలక్ట్రానిక్స్ కంపెనీ మీద రాన్సమ్‌వేర్ దాడి జరిగింది. సైబర్ బీమా ఇచ్చిన ట్రావెలర్స్ సంస్థ కోర్టుకెక్కింది. లాగిన్‌కి రెండంచెల తనిఖీ ఉందని అప్లికేషన్‌లో చెప్పారు, నిజానికి చెప్పినన్ని చోట్ల లేదు అన్నది దాని వాదన. చివరికి రెండు పక్షాలూ ఒప్పుకుని పాలసీని రద్దు చేసుకున్నాయి. అక్కడ తేడా వచ్చింది అప్లికేషన్‌లో. సైట్ ఒకటి, అప్లికేషన్ ఒకటి చెప్తే అలాంటి తగువుకి సాక్ష్యం మనమే రాసిచ్చినట్టు!

మరి ఏం చేయాలి?

* సర్వీసుల పేజీలో ఇప్పుడు సొంతంగా చేస్తున్న పనులే పెట్టండి. ముందుముందు చేయాలనుకుంటున్నవి వేరే చోట, ఆ మాట చెప్పే రాయండి.
* వేరేవాళ్ళతో చేయించే పనైతే ‘భాగస్వాముల ద్వారా’ అని స్పష్టంగా చెప్పండి. వాళ్ళ బీమా సర్టిఫికెట్ కూడా దగ్గర పెట్టుకోండి.
* సైట్, సామ్ రిజిస్ట్రేషన్, లింక్డ్‌ఇన్, అప్లికేషన్... నాలుగూ పక్కపక్కన పెట్టి చదవండి. ఒకే కథ చెప్తున్నాయా చూడండి.
* రిస్క్ ఉన్న పని నిజంగానే చేస్తుంటే దాచొద్దు. బ్రోకర్‌కి ముందే చెప్పండి. ప్రీమియం కాస్త పెరగొచ్చు, క్లెయిమ్ రోజున మాత్రం పాలసీ అక్కరకొస్తుంది.
* పాలసీ మధ్యలో కొత్త పని మొదలెడితే సైట్‌లో పెట్టేముందు బ్రోకర్‌కి ఒక మెయిల్ కొట్టండి.

సైట్ తయారుచేసే తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ! క్లయింట్ ‘కాస్త పెద్దగా కనిపించేలా రాయండి’ అంటే ఒక్క ప్రశ్న అడగండి: ‘ఇది మీ ఇన్సూరెన్స్ అప్లికేషన్‌లో కూడా ఉందాండీ?’ ఆయన ఒక్క క్షణం తటపటాయించినా సరే, ఆ లైన్ పక్కన పెట్టేయండి.