మాల్టు బార్లీ ఎప్పుడు వెన్ను తీయును?

బార్లీ జావ తెలియని ఇల్లు మనలో అరుదు. బార్లీ చేను చూచినవారు మాత్రము తక్కువ. ఇది ముఖ్యముగా రాజస్థాన్, ఉత్తరప్రదేశ్, హర్యానా రైతుల శీతకాలపు పైరు. ఇందులో మాల్టుకు పనికివచ్చు గింజ ధర వేరు, పరీక్ష వేరు. గింజను నానబెట్టి, మొలకెత్తించి, వేడిగాలికి ఆరబెట్టినచో మాల్టు అగును. మన ఇండ్లలోని రాగిమాల్టు వంటిదే. కొనువారు గింజను 2.5 మిల్లీమీటర్ల జల్లెడలో పోసి చూతురు. నిండుగింజ పైన నిలుచును, నొక్కుగింజ జారిపోవును. మాంసకృత్తులు నూటికి 9 మొదలు 11 పాళ్ళుండిన మేలు. ఇందులో తప్పిన ధాన్యము పశువుల దాణాకే పోవును.

నవంబరులో విత్తిన చేను, మార్చి ఎండలు ముదరకముందే పాలుపోసుకొని గట్టిపడవలెను. వెన్ను ఆలస్యమైనచో గింజలో పిండి చేరు వేళకు వేడి తగులును. పిండి తగ్గును, మాంసకృత్తుల పాలు పెరుగును. ఈ నష్టము ఎరువుతో తీరునది కాదు. నత్రజని ఎక్కువైన మాంసకృత్తులు ఇంకను పెరుగును!

మరి వెన్ను తీయు దినమును నిర్ణయించునది ఏది? వాతావరణముతోపాటు విత్తనములోని జన్యువులు. వెనుకటి దీర్ఘకాలిక సార్వా వరి రకములలో పెక్కింటిని కొంచెము ముందు వేసినను, వెనుక వేసినను, ఇంచుమించు ఒకే సమయమున ఈనుట మీరెరుగుదురు. పగలు కురుచయగుటను ఆ పైరు గుర్తించును. బార్లీ నడక దీనికి ఎదురు; పగలు పొడవగుకొలది పూతకు త్వరపడును.

బార్లీకి 7 జతల క్రోమోజోములు. రెండవదానిపై 'పిపిడి-హెచ్1' అను జన్యువున్నది. ఇంగ్లండులోని జాన్ ఇన్నెస్ కేంద్రమువారు 2005లో దీనిని గుర్తించిరి. పశ్చిమాసియాలోని అడవి బార్లీలో ఇది చురుకైనది. ఎండలు రాకముందే పని ముగించుకొనవలెను గదా. ఉత్తర ఐరోపా వసంతకాలపు రకములలో మాత్రము ఇది మారి, మందకొడియైనది. అక్కడి వేసవి చల్లన. నిదానముగా పెరిగిన పైరు ఎక్కువ పండును. దక్షిణ స్వీడనులో జూన్ పగలు 17 గంటలు దాటును. హర్యానాలో ఫిబ్రవరి పగలు 11 గంటలే. అక్కడ పేరుపొందిన మాల్టు రకము ఇక్కడ వెనుకబడుటలో వింత లేదు.

చలిని కొలుచు జన్యువులు వేరుగా ఉన్నవి. శీతకాలపు రకములు అనబడువానికి మొలక దశలో కొన్ని వారములు గట్టి చలి తగులవలెను. అట్టివాటిని మన నేలలో చల్లినచో గడ్డివలె పిలకలు వేయుచు నిలచిపోవును.

స్వీడనులో బోనస్ అను రకముపై ఎక్స్ కిరణములు ప్రసరింపజేసి, మారీ అను త్వరగా పండు రకమును సాధించిరి. 1960ల తొలినాళ్ళలో అది రైతులకు అందినది. పగటి పొడవును అది అంతగా లెక్కచేయదు. కారణమైన జన్యువు 2012లో తేలినది: పైరు లోపలి గడియారమును నడుపు భాగమే చెడినది. చెడిన గడియారము మేలుచేయుట ఇదొక చోట చూచితిమి!

సంకరము చేయువారు గమనించవలసిన తేడా ఒకటి కలదు. పిపిడి-హెచ్1లో త్వరపడు గుణము బహిర్గతము. మొదటి తరముననే కనబడును. మారీ గుణము అంతర్గతము. మొదటి తరమున దాగి, రెండవ తరమున నాలుగింట ఒక మొక్కలో బయటపడును. మొదటి తరము ఆలస్యమైనదని పారవేసినచో చేతికందినది పోవును.

తెలుగు నేలలో చలి రోజులు కొద్ది. బార్లీ విస్తారముగా వేయుమని మేము చెప్పుట లేదు. ఎవరైన విత్తు తెచ్చియిచ్చిన, అది ఏ ప్రాంతమున, ఏ తేదీన విత్తగా ఎన్ని దినములకు వెన్ను తీసినదో అడుగుడు. ఒక చిన్న మడిలో నవంబరు తొలి పక్షమున వేసి, సగము మొక్కలు వెన్ను చూపిన దినమును వ్రాసియుంచుడు.