సినిమా అయినా, వంట పుస్తకమైనా – వాడేవారిని చూసి ఎంచుదాం

వసతిగృహాలకు, మహల్లా గ్రంథాలయాలకు దాతలు పుస్తకాలు కొనివ్వడం, సెలవురోజుల్లో పిల్లలకు సినిమా వేయించడం మంచి ఆనవాయితీ. ఆ సొమ్ము సద్వినియోగం కావాలంటే ఎంపికలో శ్రద్ధ అవసరం.

సినిమాకు మొదట సెన్సార్ సర్టిఫికెట్ చూడాలి. 2024 నుంచి 'యూఏ' వర్గాన్ని 7+, 13+, 16+ అని మూడుగా విభజించారు. అయితే అది వయసుకు తగినదో కాదో చెబుతుందే గాని, మంచి సినిమా అని చెప్పదు. కనుక ఎవరైనా పెద్దవారు ముందుగా పూర్తిగా చూడాలి. మజీద్ మజీదీ తీసిన ఇరానీ చిత్రం 'చిల్డ్రన్ ఆఫ్ హెవెన్' (1997)లో అన్నాచెల్లెళ్లు ఒకే జత బూట్లు వంతులవారీగా తొడుక్కుని బడికి వెళతారు. హైదరాబాదులో పుట్టిన నగేశ్ కుకునూర్ చిత్రం 'ఇక్బాల్' (2005)లో మాట, వినికిడి లేని పల్లెటూరి కుర్రాడు ఫాస్ట్ బౌలర్ కావాలని పట్టుబడతాడు. ఉపదేశాలు గుప్పించే సినిమాకన్నా ఇలాంటివే ఆ వయసు పిల్లలకు పడతాయి. చూశాక కాసేపు వారినే మాట్లాడనివ్వండి.

ఉద్యోగానికి వెళ్లే తల్లికి, గదిలో వండుకునే విద్యార్థికి వంట పుస్తకం ఇచ్చేముందు ఒక వంటకం తీసి చదవండి. 'ఇరవై నిమిషాలు' అన్నచోట నానబెట్టే సమయం కలిపారా? సరుకులు వీధి కిరాణాలో దొరుకుతాయా? కొలతలు గ్లాసుల్లో, చెంచాల్లో ఉన్నాయా? గోధుమలు నానాలి, మాంసం గంటల తరబడి ఉడకాలి గనుక హలీమ్ సెలవురోజు వంట. పనిరోజుకు ఖిచిడీ, ఖాగీనా, ఖట్టీ దాల్ వంటివి నేర్పే పుస్తకం మేలు.

అన్నింటికన్నా ముందు, తీసుకునేవారిని ఏం కావాలో అడగండి. అడిగి ఇచ్చినది బీరువాలో మూలపడదు.