చక్రం చెప్పే లెక్క.. సెల్‌ఫోన్‌లో!

* కామాటిపుర గల్లీల్లో తడబడుతున్న జీపీఎస్
* సైకిలుకు సెన్సర్ బిగిస్తే దూరం పక్కా
* చుట్టుకొలత తప్పితే మాత్రం మొదటికే మోసం

ముంబయి (గ్రాంట్‌రోడ్): తెల్లవారుజామున అయిదు గంటలు.. కామాటిపుర గల్లీల్లో అప్పుడప్పుడే పాల క్యాన్లు దిగుతుంటాయి. చాల్ మెట్ల కింద గొలుసులతో కట్టేసిన సైకిళ్లను కుర్రాళ్లు ఒక్కొక్కటిగా బయటికి తీస్తారు. హ్యాండిల్‌కు సెల్‌ఫోన్ తగిలించి, యాప్ నొక్కి గిర్‌గావ్ చౌపాటీ వైపు సాగిపోతారు. అసలు పంచాయితీ తిరిగొచ్చాకే మొదలవుతుంది. కలిసి వెళ్లి కలిసి వచ్చిన ఇద్దరిలో ఒకరి ఫోన్లో 14 కిలోమీటర్లు, ఇంకొకరి ఫోన్లో 15. ‘నీ ఫోనే ఖరాబైందిరా’ అని ఒకరంటే.. ‘నీదే ఝూట్ చెప్తున్నది’ అని ఇంకొకరు. నిజానికి రెండు ఫోన్లూ మంచివే. తడబడింది జీపీఎస్.

ఉపగ్రహాల నుంచి వచ్చే సంకేతాలను పట్టుకుని ఫోను తానెక్కడుందో లెక్క కడుతుంది. నారిమన్ పాయింట్ వైపు సముద్రపు ఒడ్డున ఆకాశం విశాలంగా ఉంటుంది కాబట్టి ఇబ్బంది తక్కువ. ఎదురెదురు చాళ్లు ఒకదాన్నొకటి తాకేట్టుండే మన గల్లీల్లో సంకేతం గోడలకు తగిలి, తిరిగి తిరిగి ఫోనుకు చేరుతుంది. దాంతో మ్యాపులో సైకిలు పదో గల్లీ నుంచి పదకొండో గల్లీకి గోడ దూకేసినట్టు కనిపిస్తుంది. జేజే ఫ్లైఓవర్ కింద వెళ్లినా ఇదే తంతు. ఈ దూకుళ్లన్నీ దూరంలో కలిసిపోతాయి.

ఈ తకరారుకు విరుగుడుగా వచ్చినవే వైర్‌లెస్ సెన్సర్లు. ఆకాశాన్ని కాకుండా చక్రాన్నే అడిగి చెబుతాయి.

అగ్గిపెట్టె కంటే చిన్నది

వేగం చెప్పే సెన్సర్‌ను చక్రం హబ్బుకు రబ్బరు పట్టీతో చుడతారు. పాత రకాల్లో అయితే స్పోకుకు చిన్న అయస్కాంతం, ఫోర్కుకు సెన్సర్ ఉంటాయి. అయస్కాంతం ఎదురుగా వచ్చిన ప్రతిసారీ ఒక చుట్టు. రెండోది క్యాడెన్స్ సెన్సర్. ఇది ఎడమ పెడల్ కడ్డీకి లోపలి వైపున అంటుకుని, నిమిషానికి పెడల్ ఎన్ని చుట్లు తిరిగిందో లెక్కిస్తుంది. లోపల ఉండేది చాలావరకు సీఆర్ 2032 రకం బిళ్ల బ్యాటరీ.

చాలామంది అనుకున్నట్టు బ్లూటూత్‌లో ఈ సెన్సర్ ఫోనుకు వేగాన్ని పంపదు. మొదటి నుంచి చక్రం ఎన్ని చుట్లు తిరిగింది, చివరి చుట్టు ఎప్పుడు పూర్తయింది.. ఈ రెండే పంపుతుంది. సమయాన్ని సెకనులో 1,024వ వంతు దాకా కొలుస్తుంది. మిగతా లెక్కంతా ఫోనుదే. ఇంట్లో కరెంటు మీటరు లాంటిదే అనుకోండి. రీడింగు తీసేవాడు ఒక నెల రాకపోయినా యూనిట్లు ఎక్కడికీ పోవు కదా.. అలాగే దారిలో నాలుగు క్షణాలు సిగ్నల్ తెగినా మొత్తం దూరం లెక్క పోదు.

2012లో బ్లూటూత్ ప్రమాణాలు ఖరారు చేసే సంస్థ సైకిలు వేగం, క్యాడెన్స్‌లకు ఉమ్మడి పద్ధతి తెచ్చింది. తక్కువ కరెంటుతో నడిచే బ్లూటూత్ అంతకు ముందే, 2011లో ఐఫోన్ 4ఎస్‌తో వచ్చింది. 2013లో ఆండ్రాయిడ్ 4.3తో మిగతా ఫోన్లకూ దారి తెరుచుకుంది. ఏ కంపెనీ సెన్సర్ అయినా ఏ ఫోనుతోనైనా మాట్లాడగలగడం అప్పటి నుంచే. ‘యాంట్ ప్లస్’ అనే ఇంకో పద్ధతీ ఉంది. దాంట్లో ఒకే సెన్సర్‌ను ఎన్ని మీటర్లయినా వినొచ్చు గానీ ఐఫోన్లలో ఆ సౌకర్యం లేదు. ఫోనుతో వాడేవాళ్లు డబ్బా మీద బ్లూటూత్ అని ఉందో లేదో చూసుకుంటే చాలు.

సుద్దముక్క, టేపు ఉంటే చాలు

చుట్లను మీటర్లుగా మార్చాలంటే చక్రం చుట్టుకొలత ఫోనుకు తెలియాలి. చిక్కంతా ఇక్కడే. అసలు కొలత ఇవ్వకుండా వదిలేస్తే చాలా యాప్‌లు రేసు సైకిలు చక్రాన్ని, అంటే సుమారు 2,105 మిల్లీమీటర్లను మనసులో పెట్టుకుంటాయి. మన పాత నల్ల సైకిలు 28 అంగుళాల చక్రం అంతకంటే పెద్దది. దాదాపు 2,240 ఉంటుంది. 20 కిలోమీటర్లు తొక్కితే ఫోన్లో 18.8 మాత్రమే పడుతుంది. కష్టపడి తొక్కి కిలోమీటరుకు పైగా పోగొట్టుకున్నట్టే. 26 అంగుళాల లావు టైరు సైకిలుకు ఇది తిరగబడి, తొక్కని అర కిలోమీటరు వచ్చి చేరుతుంది.

డబ్బా మీది పట్టికలను నమ్మేకంటే సొంతంగా కొలుచుకోవడం మేలు. టైర్లలో గాలి సరిగ్గా నింపి, ట్యూబు వాల్వు నేలవైపు ఉన్నప్పుడు కింద సుద్దతో గీత గీయాలి. మనిషి సీటు మీద కూర్చునే ఉండగా, పక్కనున్నవాళ్లు పట్టుకుని సైకిలును నిటారుగా ముందుకు నడపాలి. వాల్వు మళ్లీ కిందికి వచ్చాక ఇంకో గీత. రెండింటి మధ్య దూరమే చుట్టుకొలత. మనిషి ఎక్కకుండా కొలిస్తే టైరు నొక్కుకోదు, కొలత ఎక్కువ వస్తుంది. దర్జీ టేపు ఒకటిన్నర మీటర్లే ఉంటుంది గనుక మేస్త్రీల స్టీలు టేపు తెచ్చుకోవాలి. మన పేటలో దానికేం కొదవ.. ‘కామాటి’ అంటేనే కూలిపని చేసేవాడు. నిజాం సీమ నుంచి వచ్చి బొంబాయి కట్టడాల్లో చెమటోడ్చిన తెలుగు పనివాళ్ల పేరే ఈ పేటకు నిలిచింది.

మోకాళ్లు మొత్తుకునేది ఎందుకు?

‘రోజూ తొక్కుతున్నా.. మోకాళ్లు నొస్తున్నయి’ అనే మాట నలభై దాటినవాళ్ల నోట తరచూ వినిపిస్తుంది. వేగం చూసుకునేవాళ్లు పెడల్ చుట్లను పట్టించుకోరు. ఒకే వేగానికి పెడల్ తక్కువసార్లు తిప్పితే ప్రతి తొక్కుకూ బలం ఎక్కువ పెట్టాలి. ఆ భారం మోకాలి మీదే పడుతుంది.

ముందు చైన్‌వీల్‌కు 44 పళ్లు, వెనక ఫ్రీవీల్‌కు 18 పళ్లు ఉన్న నల్ల సైకిలునే తీసుకుందాం. పెడల్ ఒక్క చుట్టుకు సైకిలు దాదాపు అయిదున్నర మీటర్లు పోతుంది. గంటకు 15 కిలోమీటర్ల వేగంలో నిమిషానికి 46 చుట్లే పడతాయి. పందేల్లో తొక్కేవాళ్లు 80 నుంచి 100 దాకా తిప్పుతారు. వాళ్లతో పోటీ అక్కర్లేదు గానీ 46 మాత్రం బరువే. వెనక 22 పళ్ల ఫ్రీవీల్ వేయించుకుంటే అదే వేగంలో 56 అవుతుంది. ఎదురుగాలిలో, ఎక్కుడులో ఆ తేడా తొడలకు తెలుస్తుంది.

అందుకే గేర్లు లేని సైకిలుకు క్యాడెన్స్ సెన్సర్ కొనడం దండగ. పళ్ల లెక్క మారదు కాబట్టి, తొక్కకుండా దొర్లించేటప్పుడు తప్ప, వేగం తెలిస్తే పెడల్ చుట్లూ తెలిసినట్టే. ఆ డబ్బుతో ఫ్రీవీల్ మార్పించుకోవచ్చు. గేర్ల సైకిలువాళ్లకూ, చక్కెర జబ్బుందని డాక్టర్ చెబితే పది అడుగుల ఖోలీలోనే కదలని సైకిలు తొక్కేవాళ్లకూ మాత్రం క్యాడెన్స్ సెన్సరే అక్కరకొస్తుంది. కదలని సైకిలుకు జీపీఎస్ ఏం చెబుతుంది పాపం!

ఫోను పట్టట్లేదా?

సెన్సర్ కొత్తగా కొన్నవాళ్లు ఫోను బ్లూటూత్ జాబితాలో వెతికి, దొరకలేదని వెనక్కి ఇచ్చేస్తుంటారు. అక్కడ కాదు, యాప్ లోపలే కలపాలి. ముందు చక్రాన్ని రెండు చుట్లు తిప్పితే నిద్రలో ఉన్న సెన్సర్ లేస్తుంది. ఆండ్రాయిడ్ 6 నుంచి 11 దాకా ఉన్న ఫోన్లలో లొకేషన్ అనుమతి ఇవ్వకపోతే కనిపించదు. 12లో దాని బదులు ‘దగ్గరి పరికరాలు’ అనే అనుమతి వచ్చింది. అప్పటికే ఇంకో యాప్ పట్టుకుని ఉంటే దాన్ని మూసేయాలి. ఏ యాప్ ఏ సెన్సర్‌ను చూస్తుందో ముందే తెలుసుకోవాలి. చాలామంది వాడే స్ట్రావా 2019లో ఫోనుకు నేరుగా సెన్సర్లు కలిపే వీలును తీసేసింది. 2020లో తిరిగి ఇచ్చింది గుండె వేగం సెన్సర్లకే.

ఫోన్లో అంకెలు కదులుతుంటే కళ్లు అటే పోతాయి. గంటకు 18 కిలోమీటర్ల వేగంలో రెండు సెకన్లు తల దించితే సైకిలు 10 మీటర్లు పోయినట్టు. ఫాక్‌లాండ్ రోడ్డులో తోపుడుబండి అంతకంటే దగ్గరలోనే ఉంటుంది. ఫోను జేబులో పెట్టుకున్నా లెక్క పడుతూనే ఉంటుంది, ఇంటికొచ్చి చూసుకోవచ్చు.

బిళ్ల బ్యాటరీ.. బహు జాగ్రత్త

అన్నిటికంటే భయపడాల్సింది ఈ బిళ్లకే. ఒకే గదిలో పిల్లాజెల్లా అందరూ ఉండే ఇళ్లలో మార్చిన పాత బ్యాటరీని కిటికీ గూట్లో పడేస్తుంటారు. పసిపిల్లలు మింగితే అది గొంతు దిగువన ఇరుక్కుని రెండు గంటల్లోనే అన్నవాహికను కాల్చేయగలదు. ‘అయిపోయిన’ బ్యాటరీలోనూ అంతపని చేసే కరెంటు మిగిలే ఉంటుంది. మింగినట్టు అనుమానం వచ్చినా వాంతి చేయించకుండా జేజే ఆస్పత్రికో, నాయర్ ఆస్పత్రికో వెంటనే పరుగెత్తాలి. పాతదాన్ని రెండు వైపులా టేపు అంటించి, పిల్లలకు అందని చోట పెట్టాలి.

వానాకాలంలో మూత చుట్టూ ఉండే రబ్బరు రింగు సరిగ్గా కూర్చుందో లేదో చూసుకోవాలి. ‘ఐపీఎక్స్ 7’ అని ఉంటే మీటరు లోతు నీళ్లలో అరగంట తట్టుకుంటుందని అర్థం. మూత వదులైతే ఆ హామీ చెల్లదు.

పేరున్న కంపెనీల సెన్సర్ల జతకు వేలల్లో అవుతుంది. దూరం, వేగం తెలిస్తే చాలనుకునేవాళ్లకు వైరుతో వచ్చే సాదా మీటరు కొన్ని వందల్లోనే దొరుకుతుంది. దానికీ చుట్టుకొలత ఇవ్వాల్సిందే. బ్యాటరీల కోసం దూరం పోనక్కర్లేదు. ఎలక్ట్రానిక్ సామాన్లకు పేరుపడ్డ లామింగ్టన్ రోడ్డు గ్రాంట్‌రోడ్ స్టేషన్‌కు తూర్పునే ఉంది. ఆదివారం అక్కడ చాలా దుకాణాలు మూసి ఉంటాయి కాబట్టి శనివారమే తెచ్చుకోవాలి.