చీకటి అమ్మే ఫ్యాక్టరీ

అమెరికాలోని టెనెసీ రాష్ట్రంలో, మెంఫిస్ నగరం పక్కనే బార్ట్‌లెట్ అనే ఊరుంది. అక్కడి అమెరికన్ పేపర్ ఆప్టిక్స్ సంస్థ చేసేవి అట్ట కళ్లద్దాలు. మామూలు రోజుల్లో 3డీ బొమ్మల కోసం ఎరుపు, నీలం అద్దాలు. సన్నని గీతల ఫిల్మ్‌తో వీధి దీపం చుట్టూ ఇంద్రధనుస్సులు చూపించే సరదా అద్దాలు. సూర్యగ్రహణం వస్తోందంటే మాత్రం గిరాకీ కోట్లలోకి పోతుంది. 2017 ఆగస్టు 21న, 2024 ఏప్రిల్ 8న అమెరికన్లు తలెత్తి చూసిన అద్దాల్లో చాలా భాగం ఇక్కడివే.

విప్పి చూస్తే ఏముంది? మడత అట్ట, రెండు కంతలు, వాటికి అతికించిన నల్లటి ఫిల్మ్. ఆ ఫిల్మే అసలు సరుకు. కార్బన్ కలిపిన నల్ల పాలిమర్ ఒక రకం. పాలియెస్టర్ రేకు మీద అల్యూమినియం పూత వేసింది ఇంకో రకం. మొదటి దాంట్లో సూర్యుడు నారింజ రంగులో, రెండో దాంట్లో నీలి ఛాయతో కనిపిస్తాడు. నా ఓటు నారింజకే. నీలి సూర్యుణ్ణి చూస్తే ఒంట్లో బాగాలేదేమో అనిపిస్తుంది.

2015లో వచ్చిన ఐఎస్ఓ 12312-2 ప్రమాణం ప్రకారం లక్ష పాళ్ల వెలుతురు పడితే కంటికి చేరేది మూడు పాళ్ల చిల్లర దాటకూడదు. కంటికి కనిపించని అతినీలలోహిత, పరారుణ కిరణాలకూ హద్దులున్నాయి. చిక్కంతా ఇక్కడే. నల్లగా ఉన్నదల్లా కాపాడదు. మన ఇళ్లల్లో గ్రహణం రోజున బీరువాలోంచి బయటికొచ్చే ఎక్స్‌రే ఫిల్మ్ వెలుతురును మసకబరుస్తుంది, అంతే. రెటీనాకు నొప్పి తెలియదు కాబట్టి అది దెబ్బతింటున్నా చూసేవాడు హాయిగా చూస్తూనే ఉంటాడు. చూపు మధ్యలో మచ్చ పడిందని తెలిసేది కొన్ని గంటల తర్వాతే.

అంటే కొనేవాడికి సరుకు మంచిచెడ్డలు వాడి చూసి తేల్చుకునే వీలే లేదు. అట్ట మీద ప్రమాణం నంబరు ఎవరైనా అచ్చేసుకోవచ్చు. 2017లో అదే జరిగింది. ఎక్కడ తయారయ్యాయో రుజువు లేని అద్దాలు అమ్ముడైపోయాయని అమెజాన్ కొనుగోలుదార్లకు డబ్బు వెనక్కిచ్చింది. అమెరికన్ ఆస్ట్రనామికల్ సొసైటీ నమ్మదగిన తయారీదార్ల జాబితా పెట్టింది. ఇంట్లో చేసుకోగల పరీక్ష ఒకటుంది: పెట్టుకుంటే గదిలో ఏమీ కనిపించకూడదు. బల్లా, కిటికీ కనిపిస్తే ఆ జత చెత్తబుట్టకే. కనిపించనంత మాత్రాన మంచివని కూడా కాదు, దొంగ సరుకులో కొంత బయటపడుతుందంతే.

అసలైన నిమిషాల్లో వీటితో పనేలేదు. చంద్రుడు సూర్యుణ్ణి పూర్తిగా కప్పేశాక అద్దాల్లోంచి చూస్తే కటిక చీకటే. తీసేస్తేనే సూర్యుడి చుట్టూ వెలుగు వలయం, అంటే కరోనా, కనిపిస్తుంది. 2024లో ఆ వ్యవధి ఎక్కువలో ఎక్కువ 4 నిమిషాల 28 సెకన్లు. వెలుగు తొలి చుక్క మెరవగానే మళ్లీ పెట్టుకోవాలి.

గీతలు, చిల్లులు పడకపోతే ప్రమాణానికి తగిన జత ఎన్నేళ్లయినా పనికొస్తుంది. 2017 తర్వాత ఆస్ట్రనామర్స్ వితౌట్ బోర్డర్స్ అనే సంస్థ వాళ్లు వాడిన అద్దాలను పోగుచేసింది అందుకే, వేరే దేశాల బడిపిల్లలకు పంపడానికి. అలాస్కాను పక్కన పెడితే అమెరికా ప్రధాన భూభాగానికి మళ్లీ సంపూర్ణ గ్రహణం 2044 ఆగస్టులోనే. ఈలోపు స్పెయిన్‌కు 2026లో, ఈజిప్టుకు 2027లో ఉన్నాయి. ఇంద్రధనుస్సు అద్దాలకు మాత్రం పంచాంగంతో పనిలేదు.